మారు వడ్డించని ఇల్లు

ఎనభైలలో, అమెరికాలో డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్ తెలుగువాళ్ళలో ఒక హెచ్చరిక నోటినోటా తిరిగేది. జయంతి ఇంటికి భోజనానికి వెళ్తే మొదటిసారే కావలసినంత వేసుకోవాలి. ఆమె ఒకే ఒక్కసారి గిన్నె పట్టుకొచ్చి "ఇంకొంచెం వేసుకుంటారా?" అంటుంది. అలవాటు కొద్దీ "అబ్బే, వద్దండీ" అన్నారా, అంతే సంగతులు. గిన్నె లోపలికి పోతుంది, మూత పడుతుంది.

"అమెరికా నీళ్ళు బాగా వంటబట్టాయమ్మా ఆవిడకి," అనేది నళిని.

"అదేం కాదు. నర్సు గదా! పేషెంట్ ట్రేలో ఎంత పెడితే అంతే," అని శ్యామ్‌సుందర్ నవ్వేవాడు. ఆ ఇంట్లో గుత్తివంకాయ ఆయనకు రెండోసారి దక్కలేదు.

తెలుగు పంక్తిలో వద్దు అనేది జవాబు కాదు, బేరానికి మొదటి మాట. విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోసేవాళ్ళున్నారు. మూడుసార్లు వద్దని నాలుగోసారి "సరే, మీ మాట కాదనలేక" అంటూ తినడం మర్యాద. మూడుసార్లూ విని నాలుగోసారి వేయడం అంతకన్నా మర్యాద. అడగనిదే అమ్మైనా పెట్టదంటారు గానీ, ఆ సామెత కట్టినవాడు ఏ సత్రంలోనో పెరిగి ఉంటాడు. మన అమ్మలు అడక్కుండా పెడతారు, వద్దన్నా పెడతారు, తిన్నాక సరిగ్గా తినలేదని ఏడుస్తారు. జయంతీ అలాంటి మనిషే. ఒకప్పుడు అందరికంటే ఎక్కువగా అలాంటి మనిషి.

ఆమెది రేపల్లె పక్కన ఒక పల్లె. ఊరు కాదు, ఊరికి ఎడంగా ఉండే పల్లె. తండ్రి లూథరన్ సంఘంలో ఉపదేశి. సైకిల్ మీద పదిహేను పల్లెలు తిరిగి ప్రార్థనలు చేయించేవాడు. ఊళ్ళో మంచినీళ్ళు అడిగితే పెరటి గుమ్మం దగ్గర దోసిలి పట్టించి, చెంబు ఎత్తి పైనుంచి పోసేవాళ్ళు. ఆయన తాగి, మూతి తుడుచుకుని, "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అని సైకిలెక్కేవాడు. ఇంటికొచ్చాక పిల్లకు కథలు చెప్పేవాడు. ఎప్పుడో ఒక మిషనరీ దొర వెళ్ళిపోతూ బీరువా ఖాళీ చేస్తే దొరికిన పాత పుస్తకంలోని కథలవి: ఈజిప్టు ఎడారిలో గుహల్లో బతికిన సన్యాసులు, ఏడాదంతా తాటాకు బుట్టలల్లి అమ్మే దారి లేక ఏడాది చివర తగలబెట్టినవాడు, తన సమాధి ఎక్కడో ఎవరికీ చెప్పొద్దని శిష్యుల చేత మాట తీసుకున్న అంతోని. అన్నిటికన్నా ఆయనకు ఇష్టమైనది కాకి కథ. పౌలు అనే ముసలి సన్యాసికి అరవై ఏళ్ళపాటు ఒక కాకి రోజుకు సగం రొట్టె తెచ్చి పెట్టింది. అంతోని చూడవచ్చిన రోజున ఇద్దరికీ సరిపడా పూర్తి రొట్టె తెచ్చింది.

"కాకి అమ్మా, కాకి!" అనేవాడు తండ్రి, వేలెత్తి. "గుమ్మంలో వాలితే అందరూ తోలేసే పక్షి. అది ముట్టిన రొట్టెను ఆ మహానుభావుడు కళ్ళకద్దుకుని తిన్నాడు. విన్నావా?"

డెబ్భై నాలుగులో జయంతి గుంటూరులో నర్సు. భర్త రాజ్‌కు డెట్రాయిట్‌లో కార్ల విడిభాగాల కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్ ఉద్యోగం వచ్చింది. ప్రయాణానికి ముందురోజు తండ్రి వచ్చాడు. ఒక పళ్ళెం అన్నం తిన్నాడు. ఆమె ట్రంకుపెట్టె సర్దుతూ "ఇంకాస్త పెట్టనా నాన్నా?" అంది. "వద్దమ్మా, చాలు" అన్నాడు. ఆమె నమ్మింది. పళ్ళెం కడగబోయేటప్పుడు చూసింది: చూపుడువేలితో తుడిచి తుడిచి తిన్న గీతలు, అద్దంలా మెరిసే పళ్ళెం. అప్పటికి ఆయన సందు మలుపు దాటేశాడు.

డెబ్భై ఏడు నవంబరు ఉప్పెనలో ఆయన దివిసీమ వైపు ఒక జాలరి పల్లెలో ప్రార్థన కూటానికి వెళ్ళి ఉన్నాడు. శవం దొరకలేదు. అంతోనిలా ఆయన సమాధీ ఎవరికీ తెలియదు. తేడా ఏమిటంటే, దాచమని ఈయన ఎవరినీ కోరలేదు.

మరుసటేడు ఉగాదికి ఒక స్కూల్ కెఫెటేరియాలో తెలుగువాళ్ళ పాట్‌లక్, అంటే తలా ఒక వంటకం తెచ్చుకునే విందు, జరిగింది. జయంతి పెద్ద బేసిన్‌తో పులిహోర చేసుకెళ్ళింది. తెనాలి వైపు నుంచి వచ్చిన మీనాక్షి ఆమె ఇంటిపేరు అడిగింది, తండ్రి ఊరు అడిగింది, ఊళ్ళో ఏ వైపని అడిగింది. తర్వాత ఆ పులిహోర వైపు ఎవరూ రాలేదు. మీనాక్షి "మాది ఇవాళ ఒంటిపూటండీ" అంది. ఆమె పళ్ళెంలో రెండు రకాల పిండివంటలున్నాయి. చివరికి బేసిన్‌లో గరిటె, జయంతి గుచ్చినచోటే నిలబడి ఉంది.

కారులో రాజ్ అన్నాడు: "ఏడుస్తావేంది? మనకు వారం రోజులు వంట పన్లేదు, పో."

*

గ్రాండ్ రివర్ రోడ్డు మీద వాళ్ళు వెళ్ళే లూథరన్ చర్చికి రాతి గోడలు, కింద బేస్‌మెంట్ హాలు ఉన్నాయి. డెబ్భై ఎనిమిదిలో ఆ హాలును ఈజిప్టు నుంచి వచ్చిన కాప్టిక్ క్రైస్తవులకు అద్దెకిచ్చారు. పైన కీర్తన పాడుతుంటే కిందినుంచి సాంబ్రాణి వాసన నేలసందుల్లోంచి వచ్చేది. పైవాళ్ళు దగ్గేవాళ్ళు. జయంతి మాత్రం గుండెల నిండా పీల్చేది.

వాళ్ళకు పూజారి లేక, నేరుగా ఎడారి మఠం నుంచే ఒక ముసలి సన్యాసిని పంపారు. పేరు హెద్రా. అందరూ అబూనా అనేవాళ్ళు, అంటే మా తండ్రి అని. డెబ్భైకి దగ్గర వయసు, నల్ల అంగీ, తాడులాంటి మెడ. బాయిలర్ పక్క గదిలో ఉండేవాడు. మిషిగన్ చలికాలంలో బాయిలర్ గాలి ముక్కులో నెత్తురు వచ్చేంత పొడిగా ఉంటుంది. ఆయనకది సొంత ఊరిలా ఉందట.

ఆ డిసెంబరులో, జనవరిలో వచ్చే వాళ్ళ క్రిస్మస్‌కు ముందు ఉపవాసపు రోజుల్లో, జయంతి మెట్లు దిగి వెళ్ళి ఆయన ఏం తింటాడని అడిగింది. మాంసం, పాలు, నెయ్యి, గుడ్డు కూడదని అక్కడివాళ్ళు చెప్పారు. "మా ఇంట్లో నెలకు ఇరవై రోజులు అదే వంట!" అని నవ్వి, తరువాతి ఆదివారం పప్పు, గోంగూర, నూనె కలిపిన ఆవకాయ అన్నం పట్టుకెళ్ళింది. ఆరాధన అయ్యాక పొడవాటి బల్ల దగ్గర ఆయనకు వడ్డించింది. ఆయన తిన్నాడు. "ఇంకొంచెం, ఫాదర్?" అంది, వద్దంటాడని గరిటె సిద్ధంగా పట్టుకుని. ఆయన వద్దనలేదు. పళ్ళెం ముందుకు జరిపాడు. ఇంకొంచెం. మళ్ళీ జరిపాడు. కన్నెత్తి నవ్వి, వచ్చీరాని ఇంగ్లీషులో "నీ చెయ్యి మంచి చెయ్యి, బింతీ" అన్నాడు. బింతీ అంటే నా కూతురా అని.

నలభై ఏళ్ళు ఎడారిలో ఉన్నవాడు, నలుగురిలో, తన చేతి కూడు మారు తిన్నాడు. ఆమె పార్కింగ్ లాట్‌లో కారు స్టార్ట్ చేయకుండా పావుగంట కూర్చుంది.

ఆ తర్వాత మూడేళ్ళు ఒక్క ఆదివారం తప్పలేదు. ఎనభై ఒకటిలో రాజ్‌ను లే ఆఫ్ చేశారు. ముసలివాళ్ళను చూసుకునే నర్సింగ్ హోమ్‌లో ఆమె జీతం మీదే ఇల్లు నడిచింది. అప్పుడూ తప్పలేదు.

"మీ సన్యాసికి పెట్టే ఆవకాయకు ఎడారిలో ఒంటెలు కూడా చెరువు వెతుక్కుంటాయే," అనేవాడు రాజ్, సోఫాలోంచి.

"ఆయనకిష్టం. మీలాగా కారం కారమని ఎగరడు."

"ఎగరడు సరే. చిక్కిపోతన్నాడు. చూశావా?"

చూసింది. పగిలిన పెదవులు, తెల్లబారిన నాలుక, లేచేటప్పుడు బల్ల పట్టుకునే చెయ్యి. నర్సు కళ్ళతో కాదు, కూతురి కళ్ళతో చూసింది. మనిషికి తిండి చాలడం లేదనుకుంది. ఒక గరిటె పెంచింది.

ఇక్కడ ఆమెకు తెలియనిది ఒకటి చెప్పుకోవాలి. ఆ ఎడారిలో పదహారు వందల ఏళ్ళ కిందట మకారి అనే పెద్దాయన ఉండేవాడు. అతిథులతో కూర్చున్నప్పుడు పెట్టినది కాదంటే పెట్టినవాళ్ళ మనసు నొస్తుంది, అది ఉపవాసం తప్పడంకన్నా పెద్ద పాపమని ఆయన లెక్క. అందుకని ఇచ్చిన ద్రాక్షసారాయం తాగేవాడు. గదిలోకి వెళ్ళి, ఒక్కో గిన్నెకు ఒక్కో రోజు మంచినీళ్ళు ముట్టేవాడు కాదు. సంగతి తెలియని తోటి సన్యాసులు ప్రేమగా ఇంకా పోసేవాళ్ళు. చివరికి శిష్యుడే వెళ్ళి, ఆయన్ని చంపకండయ్యా అని వాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాడట. మఠాల్లో ఇది నవ్వుతూ చెప్పుకునే కథ. అబూనా హెద్రా దాన్ని నవ్వకుండా విన్న రకం. మొదటి పళ్ళెం ప్రేమకు. ఆపైన ప్రతి వడ్డనకూ ఒక పగలు, సూర్యుడు అస్తమించేదాకా, చుక్క నీళ్ళు లేవు. గుర్తుకు ఎండు చిక్కుడు గింజలు పెట్టుకునేవాడు. ఆమె గరిటె వంచినప్పుడల్లా ఎడమ చేత్తో బల్ల కింద ఒక గింజ ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వెళ్ళేది. తరువాత అవి గది కిటికీలో వరసగా కూర్చునేవి. సాయంత్రానికి ఒకటి తీసేసేవాడు.

జయంతి ఒకసారి ఆ వరసను చూసి "ఇవేంటి అబూనా?" అంది.

"నా కాలెండర్," అన్నాడాయన.

ఈజిప్టులో సూర్యుడు ఎండాకాలంలోనూ ఏడింటికల్లా మునుగుతాడు. మిషిగన్‌లో జూన్ నెలలో తొమ్మిది దాటినా ఇంకా ఆకాశంలో వెలుగుంటుంది. మకారికి ఆ సంగతి తెలియదు.

*

ఎనభై రెండు జూన్‌లో, ఒక గురువారం, డీకన్ గిర్గిస్ వాళ్ళింటికి వచ్చాడు. బేస్‌మెంట్ చర్చిలో అబూనా పక్కన నిలబడి సేవ చేసేది అతనే. మిగతా రోజుల్లో కార్ల ఫ్యాక్టరీ పెయింట్ షాప్‌లో పని. కుర్చీ చివర కూర్చున్నాడు. కాఫీ ముట్టలేదు.

"సిస్టర్, ఒక రిక్వెస్ట్. ఇక నుంచి మీరు అబూనాకు వడ్డించవద్దు."

"ఎందుకు?"

అతను నేల చూపు చూశాడు. "వద్దు. దయచేసి."

"నా వంట పడటం లేదా? ఆయన అన్నారా?"

"ఆయన ఏమీ అనలేదు. ఆయనకు తెలియదు నేను వచ్చినట్టు."

"మరి ఎవరన్నారు? మీ ఆడవాళ్ళా? నా చేతి కూడు ఆయన తినకూడదా?"

గిర్గిస్‌కు ఆ ప్రశ్నలోని అడుగు అందలేదు. అతను కిటికీలోని గింజల సంగతి కనిపెట్టి అడిగితే, అబూనా అతని చేత శిలువ మీద ఒట్టు వేయించుకున్నాడు. తపస్సు బయటపడితే గాలికి పోయిన పిండి అని వాళ్ళ నమ్మకం. "నేను చెప్పలేను, సిస్టర్," అన్నాడు. "క్షమించండి." లేచి వెళ్ళిపోయాడు. కాఫీ మీద మీగడ కట్టింది.

చెప్పలేకపోవడం జయంతికి తెలుసు. ఒంటిపూట అని చెప్పడం తెలుసు. పైనుంచి పోసే చెంబు తెలుసు. గుంటూరు జిల్లా నుంచి ఎనిమిది వేల మైళ్ళు వచ్చి, తెల్లవాళ్ళ చర్చి నేలమాళిగలో, ఈజిప్టువాడి నోట అదే మాట. ఆమె అంతకుమించి ఇంకే కారణమూ వెతకలేదు. వెతకవలసిన అవసరం ఆమెకు పుట్టిన్నాటినుంచీ రాలేదు.

"ఏదైనా హెల్త్ ప్రాబ్లమేమో, అడగలేకపోయావా?" అన్నాడు రాజ్.

"అయితే నర్సుకు చెప్పడానికి సిగ్గేంటి? మీకేం తెలవదు, ఊరుకోండి."

ఆ ఆదివారం ఆమె నాలుగు గిన్నెలు మోసుకుని మెట్లు దిగింది. పులిహోర చేసింది. నాలుగేళ్ళుగా చేయనిది. హాలు నిండా జనం. గిర్గిస్ తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె మొదటి పళ్ళెం వడ్డించి, రెండో గరిటెకు తలెత్తి సూటిగా గిర్గిస్ వైపు చూసింది. అబూనా పళ్ళెం జరిపాడు. మూడోది. నాలుగోది. గిర్గిస్ అడుగు ముందుకు వేశాడు. ముసలాయన అతన్ని ఒక్క చూపు చూశాడు, అతను ఆగిపోయాడు. అబూనా ఆమె ముఖంలోకీ చూశాడు. ఏం కనబడిందో గాని, ఆ తర్వాత ఆమె "ఇంకొంచెం" అనకముందే పళ్ళెం జరపడం మొదలుపెట్టాడు. మొదటి పళ్ళెం పోగా ఏడుసార్లు. ఆవకాయ నూనె ఆయన గడ్డంలో ఎర్రగా మెరిసింది.

ఆమె ఖాళీ గిన్నెలతో, చప్పుడయ్యేలా మెట్లెక్కింది. జీవితంలో అంత తల ఎత్తుకుని ఆమె ఎప్పుడూ నడవలేదు.

*

మళ్ళీ గురువారం మధ్యాహ్నం నర్సింగ్ హోమ్‌కు ఫోన్ వచ్చింది. గిర్గిస్ ఏడుస్తున్నాడు. అబూనా గదిలో పడిపోయి కనిపించాడు. హాస్పిటల్లో ఉన్నాడు.

డాక్టర్ ఆమె నర్సని తెలిసి దాపరికం లేకుండా చెప్పాడు. కిడ్నీలు ఇవాళ పాడైనవి కావు, రెండు మూడేళ్ళుగా ఎండిపోతున్నాయి. ఈ వారం అవి పూర్తిగా ఆగిపోయాయి. సెలైన్ పెట్టాం గానీ గుండె అందుకోవడం లేదు. "ఈయన నీళ్ళు తాగడా?"

ఆమెకు ఏమీ అర్థం కాలేదు. మంచం పక్కకు వెళ్ళింది. అబూనా కళ్ళు తెరిచే ఉన్నాయి. నాలుక కర్రముక్కలా ఉంది. నర్సును అడిగి, గ్లాసులో నీళ్ళు, ఒక చెంచా తీసుకుంది. "అబూనా, ఒక్క చెంచా," అంది.

ఆయన నోరు తెరిచాడు. ఆయన ఎప్పుడూ కాదనలేదు కదా.

"ఆగండి!" గిర్గిస్ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. "పగలు ఆయన నీళ్ళు ముట్టడు. మీరిస్తే కాదనడు. తాగితే దానికి ఇంకో రోజు కలుపుకుంటాడు. సిస్టర్, మీ ప్రతి వడ్డనకూ ఒక రోజు. మూడేళ్ళుగా." తలుపు దగ్గర నిలబడి చెప్పలేకపోయినదంతా చెప్పాడు. జేబులోంచి గింజలు తీశాడు. కిటికీలో మిగిలినవి. మూడు.

ఏడులో నాలుగు అయ్యాయి. సోమ, మంగళ, బుధ, ఇవాళ. ఇవాళ్టి గింజను పొద్దున్నే, పగలు గడవకముందే ఆయన తీసేశాడన్నమాట. సాయంత్రానికి తీయడానికి ఉండనని తెలిసిందేమో.

జయంతి ఆయన తెరిచి ఉంచిన నోటిని చూసింది. ఇస్తే తాగుతాడు. అది ఆమె తృప్తి కోసం. తండ్రి పళ్ళెం గుర్తొచ్చింది. పెట్టకపోవడం ఎలా ఉంటుందో ఒకసారి చూసింది. పెట్టడం ఏం చేస్తుందో ఇప్పుడు చూసింది. చెంచా గ్లాసులో వేసి, గ్లాసు ఒళ్ళో పెట్టుకుంది. "సూర్యుడు దిగాక ఇస్తాను, అబూనా," అంది. "దిగాక."

ఆయన నోరు మూసుకున్నాడు. వేళ్ళు దుప్పటి మీద కొంచెం కదిలాయి, దీవిస్తున్నట్టో, గింజ వెతుకుతున్నట్టో.

కిటికీ పడమరకు ఉంది. అయిదయింది, ఆరయింది, ఏడయింది. అది ఏడాదిలో అతి పొడుగు రోజుల వారం. ఎనిమిదింటికి కూడా పార్కింగ్ లాట్‌లో కార్ల అద్దాలు కళ్ళలో పొడిచాయి. ఆమె కదల్లేదు. గిర్గిస్ మూల నిలబడి తన భాషలో ఏదో చదువుతూ ఉన్నాడు. ఎనిమిదీ నలభైకి అబూనా ఊపిరి ఒకసారి పైకి వెళ్ళి, దిగలేదు. బయట ఇంకా ఎండ ఉంది. గ్లాసు ఆమె ఒళ్ళో వెచ్చబడింది.

*

పోయాక ఆయన పెద్దవాడయ్యాడు. అది లోకం పద్ధతి. ఎడారి సన్యాసులు సమాధులు దాచమన్నది ఊరికే కాదు. అంగీ ముక్కలు పంచుకున్నారు. గింజలు మూడూ ఒక వెండి డబ్బాలోకి వెళ్ళాయి. మరుసటేడు సంఘంవాళ్ళు ఆయన జీవితం మీద ఇంగ్లీషులో ఎనిమిది పేజీల చిన్న పుస్తకం వేశారు, రాసింది గిర్గిస్. అందులో జయంతి గురించి రెండు వాక్యాలున్నాయి. భారతదేశం నుంచి వచ్చిన ఒక భక్తురాలు మూడేళ్ళపాటు ఆయనకు ఆహారం తెచ్చి పెట్టిందనీ, పూర్వం పౌలుకు రొట్టె తెచ్చిన కాకి లాంటిదనీ. గిర్గిస్ దాన్ని మెచ్చుకోలుగానే రాశాడు. ఆయనకు వడ్డించిన గరిటె ఇమ్మని కూడా ఆమెను అడిగారు. ఆమె ఇవ్వలేదు. దాన్ని చెత్తలోనూ పారేయలేదు.

రాజ్‌కు మళ్ళీ ఉద్యోగం వచ్చింది. తెలుగువాళ్ళు పెరిగారు, గుడి కట్టే మాటలు వచ్చాయి, పాత పట్టింపులు కొన్ని సడలాయి, కొన్ని మర్యాదగా దాక్కున్నాయి. ఆ ఇంట్లో మారు వడ్డన లేదని పేరు పడింది. జయంతి ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఎనభై ఎనిమిది చలికాలంలో, మీనాక్షి భర్త ఆపరేషన్‌కు హాస్పిటల్లో ఉన్నప్పుడు, జయంతి వరసగా రెండు రోజులు అతని మంచం దగ్గర కూర్చుంది. మూడోరోజు మీనాక్షిని ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది. పప్పు, పులిహోర. పదేళ్ళ కిందటి ఉగాది ఇద్దరికీ గుర్తే. మీనాక్షి వంచిన తల ఎత్తకుండా తింది. రెండు రోజులుగా సరిగ్గా తిననట్టు తింది.

జయంతి బేసిన్ పట్టుకొచ్చింది. "ఇంకొంచెం వేసుకుంటారా?"

"వద్దండీ, చాలు," అంది మీనాక్షి, మర్యాదకు. అంటూనే చూపుడువేలితో పళ్ళెం అంచు తుడుచుకుంది.

ఆ వేలిని జయంతి చూసింది. గరిటె బేసిన్‌లో సగం మునిగి ఉంది. ఎత్తితే చాలు. ఆమె చెయ్యి పైకి లేవలేదు. కాసేపటికి బేసిన్ లోపలికి తీసుకెళ్ళి మూత పెట్టింది. నీళ్ళ గ్లాసు మాత్రం తెచ్చి, అతిథి కుడిచేతి పక్కన ఉంచి, తాగేదాకా అక్కడే నిలబడింది.